మధ్యాహ్నపు కరెంటు – సాయంకాలపు దీపం

బ్యాంకులో పనిచేసేవాడు బ్యాటరీల గురించి వ్రాయడమేమిటని పాఠకులు అనుకోవచ్చు. నేను చదివింది బి.కాం. ముప్పై ఏళ్లకు పైగా డిపాజిట్లు, అప్పులు, జామీనులు, వసూళ్లు – వీటితోనే నా కాలం గడిచింది. ఇంట్లో ఫ్యూజు పోతే ఎలక్ట్రీషియన్ కోసం ఎదురుచూసే రకం నేను. అయినా పోయిన సంవత్సరం ఒక బ్యాటరీ వ్యవహారం మా ఇంట్లోకే వచ్చి కూర్చుంది. దానికి నా సంతకం కావాలన్నారు. చదవకుండా సంతకం పెట్టవద్దని ఖాతాదారులకు జీవితమంతా చెప్పినవాణ్ణి కనుక, పెట్టేముందు చదివాను, తెలిసినవారిని అడిగాను. చదివినదీ, విన్నదీ, చివరకు నేను చేసినదీ మన కుటుంబాలవారికి పనికివస్తుందేమోనని ఇది వ్రాస్తున్నాను.

మాది పావగడ తాలూకా. కర్ణాటక పటం తీసి చూస్తే, తుమకూరు జిల్లాకు చెందిన ఈ తాలూకా ఆంధ్రలోకి చొచ్చుకొనిపోయి కనిపిస్తుంది. చుట్టూ దాదాపుగా ఆంధ్రప్రదేశే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. వాన మాత్రం ఏ భాషలో పిలిచినా రాని సీమ. వేరుశనగ వేసి ఆకాశం వైపు చూడడమే మా తాతల నాటి వ్యవసాయం.

2016లో తిరుమణి, వళ్ళూరు, బాలసముద్రం పరిసరాల్లో సౌర విద్యుత్ పార్కు కోసం రైతుల భూములు కౌలుకు తీసుకోవడం మొదలైంది. అమ్మకం కాదు, కౌలే. ఎకరాకు ఏటా 21,000 రూపాయలు, రెండేళ్లకొకసారి 5 శాతం పెంపు, గడువు 28 సంవత్సరాలు. ఊళ్లో వ్యవసాయం చూసుకొనే మా తమ్ముడు ఏడెకరాలు ఇస్తానన్నాడు. నేను వద్దన్నాను. "ఇరవై ఎనిమిదేళ్లు ఎవడురా కట్టేది? ప్రభుత్వాలు మారతాయి, కంపెనీలు మారతాయి" అని బ్యాంకు భాషలో చాలా చెప్పాను. వాడు వినలేదు, ఇచ్చేశాడు. 2018 మార్చిలో పార్కు మొదటి దశ ప్రారంభమైంది. 2019 చివరికి దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు పూర్తయింది. కౌలు డబ్బు మా వాడి ఖాతాలో పడుతూనే ఉంది. ఆ విషయంలో నేను తప్పాను. ముందుగా ఇది ఒప్పుకోవాలి, ఎందుకంటే తర్వాతి కథకు ఇదే మొదలు.

పోయిన సంవత్సరం వేసవిలో మా మరదలి అన్నకొడుకు ఇంటికి వచ్చాడు. ఎలక్ట్రికల్ ఇంజనీరు. బెంగుళూరులో సౌర విద్యుత్ కంపెనీల్లో పనిచేసి, ముగ్గురు స్నేహితులతో కలిసి సొంతంగా చిన్న సంస్థ పెట్టుకున్నాడు. మరో పెద్ద సంస్థతో కలిసి పెద్ద బ్యాటరీ కేంద్రం టెండరులో పాల్గొంటున్నామనీ, తమ వాటాకు 40 లక్షలు కావాలనీ చెప్పాడు. తాకట్టుకు మా తమ్ముడు చూపించినది పార్కుకు ఇవ్వని మూడెకరాల బోరు పొలం, పావగడలోని పాత ఇల్లు. ఆ ఆస్తి ఇంకా పంచుకోలేదు. కనుక నా సంతకం కావాలి.

సాయంత్రం ఏడు గంటల చిక్కు

కరెంటుకు ఒక విచిత్ర గుణముంది. ధాన్యంలా గాదెలో పోసి ఉంచలేము. వాడే క్షణానికే పుట్టించాలి. పుట్టించినది వాడకానికి సరిపోకపోతే మన దేశంలో సెకనుకు 50 సార్లు కొట్టుకునే ఆ విద్యుత్ నాడి తగ్గుతుంది, ఎక్కువైతే పెరుగుతుంది. మరీ తేడా వస్తే రక్షణ కోసం విద్యుత్ యంత్రాలు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయి ఊళ్లకు ఊళ్లు చీకటవుతాయి.

బొగ్గు కాలంలో దీన్ని సర్దుకోవడం కొంత సులభంగా ఉండేది. వాడకం పెరిగితే ఇంకొంచెం బొగ్గు వేసేవారు. ఇప్పుడు సూర్యుడు వచ్చి చేరాడు. పావగడలోనే చూడండి. మధ్యాహ్నం పన్నెండుకు పలకలన్నీ పూర్తి బలంతో పనిచేస్తుంటాయి. ఆరున్నరకు ఒక్క దీపానికి కూడా పనికిరావు. మనకు కరెంటు బాగా కావలసింది ఆ తర్వాతే. పిల్లలు బడి నుంచి, పెద్దలు ఆఫీసు నుంచి వస్తారు. ఫ్యాను, టీవీ, మిక్సీ, ఏసీ అన్నీ ఒకేసారి నడుస్తాయి. దేశంలో విద్యుత్తు ఇచ్చిపుచ్చుకునే ఎక్స్ఛేంజిల్లో మధ్యాహ్నం ధర బాగా దిగడం, రాత్రి గిరాకీ ఎక్కువైన రోజుల్లో యూనిట్ 10 రూపాయల గరిష్ఠ పరిమితిని తాకడం ఇందువల్లే. ఒకే రోజు, ఒకే సరుకు, ఆరేడు గంటల తేడాలో అంత వ్యత్యాసం! ఏ వ్యాపారికైనా నోరూరుతుంది. మధ్యాహ్నం కొని, దాచి, సాయంత్రం ఇవ్వగలిగితే చాలు. ఆ దాచే గాదె పేరే బ్యాటరీ కేంద్రం.

కరెంటుకొక బ్యాంకు

ఈ మాట గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా సులభం: బ్యాటరీ కరెంటును పుట్టించదు, బ్యాంకులా దాచి ఇస్తుంది.

పత్రికల్లో ఈ కేంద్రాలకు ఎప్పుడూ రెండు అంకెలు వేస్తారు. ఛత్తీస్‌గఢ్‌లోని రాజ్‌నందగావ్‌లో 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన కేంద్రం 40 మెగావాట్లు, 120 మెగావాట్ అవర్లు. ఈ రెండంకెలు ఏమిటో అర్థం కాక మొదట నేనూ తికమకపడ్డాను. తర్వాత మన బ్యాంకు భాషలోకి మార్చుకున్నాను. మెగావాట్లంటే కౌంటరులో ఒక్కసారిగా ఎంత చెల్లించగలరన్నది. మెగావాట్ అవర్లంటే ఖాతాలో నిల్వ ఎంత అన్నది. ఒక మెగావాట్ అవర్ అంటే మన మీటరు లెక్కలో 1,000 యూనిట్లు. రాజ్‌నందగావ్ ఖాతా నిల్వ 1,20,000 యూనిట్లు. పూర్తి వేగంతో తీస్తే మూడు గంటల్లో ఖాళీ. ఒక ఇంటికి సాయంత్రం అయిదు యూనిట్లు చాలనుకుంటే 24,000 ఇళ్లకు ఒక పూట సరిపోతుంది.

చూడడానికి ఈ కేంద్రం ఓడరేవులోని సరుకు డబ్బాల వరుసలా ఉంటుంది. ఒక్కో డబ్బాలో వేల సెల్లులు. వాటిని చల్లగా ఉంచే ఏర్పాటు, ఒక్కో సెల్లు వేడినీ వోల్టేజినీ కాపలా కాసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ, బ్యాటరీ కరెంటును మన ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మరు – ఇంతే. పొగ లేదు, బొగ్గు లేదు. కట్టడానికి ఏళ్లు పట్టవు.

కట్టడం ఎంత త్వరగా అవుతుందో లోకానికి మొదట చూపినది దక్షిణ ఆస్ట్రేలియా. 2016 సెప్టెంబరులో తుఫాను వచ్చి అక్కడ రాష్ట్రమంతా చీకటైంది. మరుసటి ఏడాది ఒప్పందం కుదిరిన 100 రోజుల్లో పెద్ద బ్యాటరీ కట్టకపోతే డబ్బే తీసుకోనని టెస్లా అధినేత ఎలాన్ మస్క్ పందెం కాశాడు. హార్న్స్‌డేల్ దగ్గర 100 మెగావాట్ల కేంద్రం గడువు లోపలే, 2017 చివర్లో పనిలోకి దిగింది. 2020లో దాన్ని 150 మెగావాట్లకు పెంచారు. విద్యుత్ నాడి తడబడినప్పుడు బొగ్గు కేంద్రం కదిలేలోపలే, సెకనులో చిన్న భాగంలోనే బ్యాటరీ అందుకుంటుందని అక్కడ తేలింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో అయితే 2024 ఏప్రిల్‌లో కొన్ని సాయంత్రాలు కాసేపు అన్నిటికంటే ఎక్కువ కరెంటు ఇచ్చినది బ్యాటరీలే.

మన దేశంలో 2019లో ఢిల్లీ రోహిణిలో 10 మెగావాట్ల కేంద్రంతో శ్రీకారం జరిగింది. అదే ఢిల్లీ కిలోక్రీలో 2025లో 20 మెగావాట్ల కేంద్రం వచ్చింది. ఇవి చిన్న అడుగులు. 2031-32 నాటికి దేశానికి 47,000 మెగావాట్లకు పైగా బ్యాటరీ సామర్థ్యం కావాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో అంచనా వేసింది. ఇంత పని ముందున్నప్పుడు కుర్రవాళ్లకు ఆశ పుట్టడంలో తప్పేముంది?

ధర పడిపోయిన తీరు

నా ఉద్యోగ జీవితంలో కంప్యూటర్లూ సెల్‌ఫోన్లూ తప్ప ఇంత వేగంగా ధర పడిన వస్తువును నేను చూడలేదు. లిథియం అయాన్ బ్యాటరీని సోనీ కంపెనీ అమ్మకానికి పెట్టింది 1991లో, అదీ కెమెరాల కోసం. దాన్ని సాధ్యం చేసిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. వృద్ధుడైన గుడ్‌ఇనఫ్ తరఫున స్టాక్‌హోమ్‌లో ప్రసంగం చదివినది తమిళనాట పుట్టిన శాస్త్రవేత్త అరుముగం మంతిరమ్ అని తెలిసి నాకు ముచ్చటేసింది. బ్లూమ్‌బెర్గ్ సంస్థ ఏటా వేసే లెక్క ప్రకారం ఒక యూనిట్ కరెంటు పట్టే లిథియం బ్యాటరీ 2010లో 1,000 డాలర్లకు పైమాటే. 2024లో 115 డాలర్లు.

ఈ పతనం మన టెండర్లలో ఎలా కనిపించిందో చూడండి. మన దగ్గర పద్ధతి ఏమిటంటే, కట్టినవాడికి మెగావాటుకు నెలకింతని అద్దె ఇస్తారు. కరెంటు వాడినా వాడకపోయినా, కేంద్రం సిద్ధంగా ఉంటే అద్దె వస్తుంది. రెండు గంటల నిల్వ ఉన్న కేంద్రాలకు వచ్చిన ధరలు ఇవి. 2022లో కేంద్ర ప్రభుత్వ సౌర విద్యుత్ సంస్థ సెకి టెండరులో నెలకు 10.84 లక్షలు. అదే సంస్థకు 2024లో 3.81 లక్షలు. ఆ ఏడాది చివర్లో రాజస్థాన్‌లో 2.21 లక్షలు. ఈ చివరి దానికి కేంద్రం ఇచ్చే పెట్టుబడి సాయం కూడా తోడైంది.

లక్షల్లో చెబితే ఇంట్లోవారికి అర్థం కాదని యూనిట్లలోకి మార్చాను. ఒక మెగావాటు, రెండు గంటల నిల్వ అంటే 2,000 యూనిట్లు. రోజుకొకసారి నింపి ఖాళీ చేస్తే నెలకు 60,000 యూనిట్లు. పై అద్దెలను దీనితో భాగిస్తే, ఒక యూనిట్‌ను దాచి ఇచ్చినందుకు 2022లో 18 రూపాయలు, 2024లో 6 రూపాయల 35 పైసలు, ఏడాది చివర 3 రూపాయల 68 పైసలు. రోజుకు రెండుసార్లు నింపగలిగితే ఇందులో సగమే. ఆ యూనిట్‌ను మొదట కొన్న ధర దీనికి అదనం. 2022 నాటి అద్దెకు దాచిన కరెంటు శ్రీమంతుల సరుకు. 2024 నాటి అద్దెకు అది కొత్త బొగ్గు కేంద్రంతో పోటీకి నిలబడే సరుకు. ఇది నిజంగా సంతోషించదగిన మార్పు.

కానీ పావగడ ఇంటి అరుగు మీద కూర్చుని మా అబ్బాయి కాగితాలు తిరగేసినప్పుడు నాకు ఒక గీత దగ్గర కన్ను ఆగింది. వాళ్లు కోట్ చేయబోయే ధరలో సెల్లుల ఖరీదు ఈనాటిది కాదు. వచ్చే ఏడు ఉండబోయేది!

"మామా, కట్టడానికి ఏడాదిన్నర గడువుంటుంది. సెల్లులు చివర్లోనే కొంటాం. అప్పటికి ఇంకో పదిహేను శాతం దిగుతాయి. అందరూ అట్లాగే వేస్తారు" అన్నాడు.

అందరూ అలాగే వేస్తారన్న మాట బ్యాంకువాడికి చాలా పాత మాట. లిథియం ధర ఎప్పుడూ కిందికే పోలేదు. 2022లో చైనాలో టన్ను లిథియం కార్బొనేటు ధర ఆరు లక్షల యువాన్ల దరిదాపులకు ఎగబాకింది. ఆ ఏడు బ్యాటరీ ధర కూడా పన్నెండేళ్ల లెక్కల్లో మొదటిసారి పెరిగింది. తర్వాత రెండేళ్లలో లిథియం లక్ష యువాన్ల కిందికి పడిపోయింది. ఇక సెల్లుల తయారీలో ప్రపంచంలో సింహభాగం చైనాదే, మనమూ అక్కడి నుంచే తెచ్చుకుంటున్నాం. బ్యాటరీల ఎగుమతికి ఇచ్చే పన్ను వాపసును ఆ దేశం 2024 డిసెంబరులో 13 శాతం నుంచి 9 శాతానికి తగ్గించింది. ఇక్కడ సెల్లులు చేయించాలని కేంద్రం 2021లో 18,100 కోట్ల ప్రోత్సాహక పథకం పెట్టింది. తెలంగాణలో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమర రాజా వారు 2023లో సెల్లుల కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. ఇవన్నీ మంచి పనులే. అయితే వచ్చే ఏటి ధరకు అవి హామీ ఇవ్వలేవు కదా!

యూపీఎస్ గది నేర్పిన పాఠం

ధర తర్వాత నేను అడిగినది ఆయుష్షు. దీని వెనుక నా పాత అనుభవం ఉంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా శాఖకు కంప్యూటర్లు వచ్చాయి. వాటి కోసం వెనక గదిలో యూపీఎస్, పదహారు సీసపు బ్యాటరీలు పెట్టారు. నెలకొకసారి డిస్టిల్డ్ వాటర్ పోయించడం, లెడ్జరులో వ్రాయించడం నా పని. అమ్మినవాడు అయిదేళ్లు పనిచేస్తాయన్నాడు. మూడో వేసవికి కరెంటు పోయిన రెండు నిమిషాలకే కంప్యూటర్లు ఆగిపోసాగాయి. గ్యారంటీ కాగితం బయటికి తీశాను. చిన్న అక్షరాల్లో, గది ఉష్ణోగ్రత 27 డిగ్రీలు దాటకూడదని ఉంది. మా ఊళ్లో ఏప్రిల్‌లో నీడలోనే 39! మూడేళ్లు వాడినందుకు కోత పోను వాళ్లు ఇస్తామన్నది కొత్త బ్యాటరీల ఖరీదులో నామమాత్రం. మేనేజరు గారు నన్ను పిలిచి, "కొనేటప్పుడు ఈ కాగితం ఎవరు చదివారయ్యా?" అని ఒక్కటే అడిగారు. ఎవరూ చదవలేదు. నేనూ చదవలేదు.

ఈనాటి పెద్ద బ్యాటరీలు ఆ సీసపు బ్యాటరీలకంటే ఎన్నో రెట్లు మేలైనవి. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం వేల సార్లు నింపి ఖాళీ చేసినా పనిచేస్తుంది. ఇందులో ఖరీదైన కోబాల్టు, నికెల్ లేవు. అయినా ఇది అరిగే సరుకే. మన బ్యాంకులో డిపాజిట్ వేస్తే వడ్డీ కలిసి వస్తుంది. ఈ బ్యాంకులో 100 యూనిట్లు వేస్తే 85 తిరిగి వస్తాయి. తక్కినది వేడిగా పోతుంది. పైగా ప్రతిసారి వేసి తీయడంతో ఖజానా గదే కొంచెం చిన్నదవుతుంది. పన్నెండు, పదిహేనేళ్లకు మొదటి నిల్వలో 70 శాతం దాకా దిగవచ్చు. ఒప్పందం మాత్రం అన్నేళ్లూ ఒప్పుకొన్న నిల్వ చూపమంటుంది. నెలలో 95 శాతం సమయం సిద్ధంగా ఉండాలి, లేకపోతే కోత. కనుక కట్టేవాడు మొదటే ఎక్కువ సెల్లులు పెట్టుకోవాలి, లేదా నడుమ కొత్తవి చేర్చాలి. ఆ ఖర్చు ఎక్కడ వ్రాశారని అడిగాను. ఎనిమిదో ఏట కొంత వేశాం మామా, అన్నాడు. గ్యారంటీ ఎవరిదన్నాను. తయారీదారుదన్నాడు. ఆ తయారీదారు ఎనిమిదో ఏట ఉండకపోతే? మా అబ్బాయి లాప్‌టాప్ వైపు చూశాడు. పాపం, ఆ ప్రశ్నకు అందులో జవాబు లేదు.

నిప్పు, నీరు

నిప్పు భయం గురించి మా మరదలు అడిగింది. మంచి ప్రశ్నే. ఒక సెల్లు లోపల వేడి అదుపు తప్పితే పక్క సెల్లుకు అంటుకుంటుంది. ఆర్పడం కష్టం. 2019 ఏప్రిల్‌లో అమెరికాలోని అరిజోనాలో ఒక కేంద్రంలో పేలుడు జరిగి అగ్నిమాపక సిబ్బంది గాయపడ్డారు. 2025 జనవరి 16న కాలిఫోర్నియాలోని మాస్ లాండింగ్‌లో పెద్ద కేంద్రం తగలబడి, చుట్టుపక్కల వెయ్యిమందికి పైగా ఇళ్లు వదిలి వెళ్లవలసి వచ్చింది. అక్కడ బ్యాటరీలు నికెల్ రకం. పైగా అన్నీ ఒకే పాత భవనంలో పేర్చారు. ఇప్పుడు ఆరుబయట విడివిడి డబ్బాల్లో, నడుమ ఖాళీ వదిలి పెడుతున్నారు. ఐరన్ ఫాస్ఫేట్ రకం వేడికి ఇంకొంచెం ఓర్చుకుంటుంది. భయం పోయిందని కాదు, తగ్గింది. ఊరికి దూరంగా ఉండడం, స్థానిక అగ్నిమాపక దళానికి ముందే శిక్షణ ఇవ్వడం ఎప్పటికీ అవసరమే.

లిథియం ఒక్కటే దారి అనుకోవద్దు. మన ముందు తరంవారు కరెంటును నీళ్లలో దాచారు. కరెంటు ఎక్కువైనప్పుడు నీటిని పైకి తోడి, కావలసినప్పుడు కిందికి వదిలి టర్బైను తిప్పడం. శ్రీశైలం ఎడమగట్టున ఆరు, నాగార్జునసాగరంలో ఏడు యూనిట్లు ఇలా రెండు వైపులా తిరగగలవు. తమిళనాడులో కోయంబత్తూరు జిల్లా కడంపారై 400 మెగావాట్లు, మహారాష్ట్రలో ఘాట్‌ఘర్ 250 మెగావాట్లు ఇలాంటివే. ఒడిశాలో ఎగువ ఇంద్రావతి దగ్గర ఇటువంటి ప్రతిపాదన ఉంది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పథకం నదికి దూరంగా, రెండు జలాశయాల మధ్య అదే నీటిని తిప్పేలా చేపట్టారు. ఇవి కట్టడానికి ఏళ్లు పడతాయి, కొండ కావాలి, నీరు కావాలి. కానీ కడితే తరాలు నడుస్తాయి. ఆరేడు గంటల నిల్వకు ఇవి, రెండు మూడు గంటలకు బ్యాటరీలు అని ఇప్పటి సర్దుబాటు. చైనాలో ఉప్పులో ఉండే సోడియంతో చేసిన బ్యాటరీల కేంద్రం 2024లో నడిచింది. దాలియన్ నగరంలో వెనేడియం ద్రవంతో పనిచేసే 100 మెగావాట్ల కేంద్రం 2022 నుంచి ఉంది. పదిహేనేళ్ల ఒప్పందం చేసుకునేవారు, నడుమ ఇంతకంటే చవకైన రకం వస్తే తమ పాత రకానికి గిరాకీ ఏమవుతుందో కూడా ఆలోచించాలి.

మన ఇళ్ల మాట

ఇదంతా పెద్ద కంపెనీల గొడవ, మనకేమిటి అనుకోవద్దు. 2023 జూన్‌లో కేంద్రం నియమాలు మార్చింది. స్మార్ట్ మీటరు ఉన్నచోట పగటి సౌర వేళల్లో కరెంటు ధర కనీసం 20 శాతం తక్కువగా, గిరాకీ వేళల్లో ఎక్కువగా ఉండాలన్నది దాని సారాంశం. రాష్ట్రాల నియంత్రణ మండళ్లు తమ తమ రీతిలో దీన్ని అమలు చేయాలి. వాషింగ్ మెషీను, నీళ్ల మోటారు పగలు నడపడం ఒక పొదుపు అయ్యే రోజు దూరంలో లేదు. మన అమ్మలు పొయ్యి మీది నిప్పు ఆరకముందే మరుసటి పూటకు నీళ్లు కాచుకున్నట్టే ఇదీ.

అపార్ట్‌మెంట్లలో డీజిల్ జనరేటరు తీసేసి బ్యాటరీ పెడతామని అమ్మకందార్లు సంఘాల దగ్గరకు వస్తున్నారు. తప్పక వినండి. పొగా, చప్పుడూ తగ్గుతాయి. కానీ నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితం మీద తీసుకోండి. ఎన్నిసార్లు నింపి ఖాళీ చేసేదాకా గ్యారంటీ? ఆ చివరి రోజున నిల్వ ఎంత శాతం మిగలాలి? ఏ ఉష్ణోగ్రత దాకా గ్యారంటీ చెల్లుతుంది? అమ్మినవాడు కనిపించకపోతే బాధ్యత ఎవరిది? మా యూపీఎస్ గది నాకు నేర్పినది ఈ నాలుగే.

సంతకం

ఆ రాత్రి అరుగు మీద లెక్కంతా అయ్యాక మా తమ్ముడు అడిగాడు, "ఏమన్నా, పెడతావా?"

నేను చెప్పింది ఇది. అద్దె ఇచ్చేది ప్రభుత్వ సంస్థ. ఆలస్య చెల్లింపులపై 2022లో వచ్చిన నియమాల తర్వాత పాత బాకీల బాధ కొంత తగ్గింది. సాంకేతికంగా వ్యవహారం నమ్మదగినదే. కుర్రవాడు తెలివైనవాడు. కానీ ఈ ధర ఇంకా రాని ధర మీద నిలబడింది. సెల్లులు అనుకున్నంత దిగితే లాభం నూటికి నాలుగో అయిదో. దిగకపోతే మొదట మునిగేది చిన్న వాటాదారు. అయిదు రూపాయల లాభానికి నూరు రూపాయల పొలం పెట్టకూడదు. కనుక బోరు పొలం మీద, ఇంటి మీద సంతకం పెట్టను. నా సొంత డిపాజిట్ నుంచి నాలుగు లక్షలు ఇస్తాను. పోతే నాదే పోతుంది, అడగను.

మా తమ్ముడి మొహం మారిపోయింది. "అప్పుడూ ఇట్లే వద్దంటివి గదన్నా. నీ మాట వినింటే ఏడెకరాలూ బీడుగా ఉండేవి. నువ్వు బ్యాంకోనివి, నీకు అన్నీ మునిగిపోయేవే కనబడతాయి" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వాడన్నది సగం నిజం. 2016లో నేను భయపడినది కౌలు ఇచ్చేవాడు ఎగ్గొడతాడని. ఇప్పుడు భయపడుతున్నది మనవాడే తక్కువకు ఒప్పుకుంటున్నాడని. రెండూ ఒకటి కావని నాకు తెలుసు. కానీ ఆ రాత్రి అది వాడికి చెప్పలేకపోయాను.

అమ్మ లోపలి నుంచి వింటున్నది. "ఆ బోరు నీళ్లతోనే మీరిద్దరూ చదివినారు. కాగితాల సంగతి నాకు తెలియదు. కొట్లాడుకోకుండా తినండి" అన్నది. తిన్నాము. ఎవరూ మాట్లాడలేదు.

నాలుగు లక్షలు ఇచ్చాను. తర్వాత టెండరు తెరిచారు. మావాళ్లకు రాలేదు. వాళ్లకంటే ఇంకా తక్కువకు వేరెవరో వేశారు. కుర్రవాడు నా డబ్బు తిరిగి తెచ్చాడు. వద్దని అతని సంస్థలోనే ఉంచాను. ఇప్పుడు వాళ్లు ఇతరుల కేంద్రాల నిర్వహణ పనులు చూస్తున్నారు. అరిగే సరుకును చూసుకునేవాడికి ఎప్పుడూ పని ఉంటుంది. తమ్ముడూ నేనూ పండుగలకు మాట్లాడుకుంటున్నాం గానీ ఆ సంగతి ఇద్దరం ఎత్తడం లేదు.

ఆ తక్కువ ధరకు గెలిచినవారు నిజంగా కట్టి, పదిహేనేళ్లు నడిపితే నేను రెండోసారి తప్పినట్టే. తప్పాలనే కోరుకుంటున్నాను. ఎందుకంటే పావగడలో మా ఏడెకరాల మీద మధ్యాహ్నం పుట్టిన కరెంటు, సాయంత్రం ఏడుకు ఏదో ఒక ఇంట్లో పిల్లవాడి పుస్తకం మీద వెలుగైతే, అంతకంటే మంచి పంట ఆ నేలలో మా తాతల కాలంలో కూడా పండలేదు. కానీ అందుకోసం ఎవరైనా మీ ఇంటికి కాగితాలు తెచ్చి సంతకం అడిగితే, అందులోని ధర ఈనాటిదా, రేపటిదా అని ఒక్కసారి చూడండి. అంతే నేను చెప్పగలిగినది.